ఏటి దయ మీద దారి

అమెరికా వాయవ్య మూలన, ఏటా మూడున్నర మీటర్ల వాన కురిసే అడవిలోకి ఒక మెలికల రోడ్డు వెళుతుంది. వెళ్లి, అక్కడే ఆగిపోతుంది.

మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే చింతూరు వైపు దిగుతాం. అనంతగిరి మలుపులు దాటితే అరకు వస్తుంది. మనకు అలవాటైన అడవి దారులన్నీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేవే. అడవి మధ్యలో తగులుతుంది, అంతే. వాషింగ్టన్ రాష్ట్రం పడమటి కొసన ఉన్న అప్పర్ హో రోడ్డు అలాంటిది కాదు. 101 నంబరు హైవే నుంచి చీలి, హో అనే ఏటి పక్కనే తూర్పుకి 18 మైళ్లు, అంటే దాదాపు 29 కిలోమీటర్లు వెళ్లి, ఒక పార్కింగు దగ్గర అయిపోతుంది. అక్కణ్నుంచి కాలిబాటే. నడిచి పోతే ఎదురయ్యేది 7,980 అడుగుల ఒలింపస్ శిఖరం, దాని చుట్టూ మంచు. కొండ దాటి అవతల దిగే కారు దారి లేదు, ఎవరూ వేయరు కూడా.

సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకి ఈ పేరు కొత్తేం కాదు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాథెల్, సమామిష్‌లలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే చూపించాల్సిన చోట్లు రాసిపెట్టుకుంటాయి. రెయినీర్ పర్వతం, ఏప్రిల్ అయితే స్కాజిట్ తులిప్ తోటలు, లెవెన్‌వర్త్ ఊరు. హో అడవి ఆ జాబితాలో కిందకి జారిపోతూ ఉంటుంది. దూరం కారణం. ఫెర్రీ ఎక్కినా, టకోమా మీదుగా చుట్టు తిరిగినా నాలుగు గంటల పైమాటే. తెల్లారకుండా పులిహోర కలిపి, ఫ్లాస్కులో టీ పోసుకుని కదిలితేనే అదే రోజు ఇంటికి చేరగలిగేది. వెళ్లినవాళ్లు కూడా పార్కింగు దాకా గబగబా పోయి, నాచు పట్టిన చెట్ల కింద ఫొటోలు దిగి, వెనక్కి తిరిగేస్తారు. వాళ్లతో నాకున్న పేచీ ఇదొక్కటే. చూడాల్సిందంతా చివర్న ఉందనుకుని ఆ 18 మైళ్లనీ దాటేస్తారు. ఆ అడవి ఎలా మిగిలింది, ఎంత మిగల్లేదు, దాన్ని తడిపే నీళ్లు ఏం చేస్తాయి అన్నదంతా రోడ్డు పొడుగునా పరిచి ఉంటుంది.

ఒక కొండ, రెండు వానలు

అడవి సంగతికి ముందు వాన సంగతి చెప్పుకోవాలి. ఫెర్రీ దిగి, హుడ్ కెనాల్ మీది తేలే వంతెన దాటి (1979 ఫిబ్రవరిలో తుపాను గాలికి ఇందులో పడమటి సగం మునిగిపోతే మళ్లీ కట్టారు) హైవే పట్టుకుంటే మొదట తగిలే పెద్ద ఊరు స్క్విమ్. అక్కడ ఏడాదికి కురిసేది 16 అంగుళాలు, నాలుగు వందల మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు కంటే తక్కువ! లావెండర్ తోటలకి ఆ ఊరు ప్రసిద్ధి, కాలువ నీళ్లు లేనిదే అక్కడ సేద్యం లేదు. కాలువ వచ్చిన సంబరంతో మొదలుపెట్టిన నీటిపారుదల ఉత్సవాన్ని 1896 నుంచి ఇప్పటికీ జరుపుకుంటున్నారు. వర్షారణ్యానికి బయల్దేరినవాళ్లకి దారిలో కాలువ పండగ చేసుకునే ఊరు తగలడం విడ్డూరంగానే ఉంటుంది.

ఈ తేడా అంతా ఒక్క పర్వతశ్రేణి చేసింది. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి ఒలింపిక్ కొండల పడమటి ముఖానికి తగిలి పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లన్నీ ఆ వైపే దింపేస్తుంది. హో లోయకి ఏటా 140 అంగుళాల వాన దక్కుతుంది. శిఖరం మీద ఇంకా ఎక్కువ, అందులో చాలామటుకు మంచుగా పడుతుంది. కొండ దాటి స్క్విమ్ వైపు దిగేసరికి ఆ గాలి దగ్గర పెట్టడానికి ఏమీ మిగలదు. సియాటిల్ అంటే ఎప్పుడూ వానే అని మనవాళ్లు అంటుంటారు గానీ, లెక్క తీస్తే అక్కడ ఏడాదంతా కలిపి వెయ్యి మిల్లీమీటర్లు కూడా ఉండదు. జల్లు రోజులు ఎక్కువ, నీళ్లు తక్కువ.

ఇంకో సంగతి కూడా మనకు తలకిందులుగా తోస్తుంది. మనకి వేసవి ముగియగానే వాన. వాళ్లకి వేసవి మొదలవగానే వాన ఆగుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా ముసురు, జులై ఆగస్టుల్లో పొడి. ఆ పొడి నెలల్లోనూ సముద్రం మీంచి పొగమంచు లోయలోకి జొరబడి, సూదుల్లాంటి ఆకులకి పట్టి, బొట్లుబొట్లుగా కిందకి రాలుతుంది. చలికాలం గడ్డకట్టేంత చలి ఉండదు, ఎండాకాలం మాడిపోయేంత ఎండ ఉండదు. సమశీతోష్ణ వర్షారణ్యం అని పాఠ్యపుస్తకంలో చదువుకున్నది ఇదే. ప్రపంచంలో ఇలాంటి అడవులు కొద్ది చోట్లే ఉన్నాయి. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం, చిలీ దక్షిణ భాగం, న్యూజిలాండ్, టాస్మేనియా, మరి కొన్ని.

దారిలో లేక్ క్రెసెంట్ ఒడ్డునే హైవే ఒంపులు తిరుగుతుంది. 600 అడుగులకు పైగా లోతున్న చెరువది, నీళ్లు గాఢమైన నీలం. అవతలి ఒడ్డున ఇప్పుడు జనం సైకిళ్లు తొక్కే బాట ఒకప్పటి రైలు మార్గం. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల చట్రాలు చెక్కతో చేసేవారు. తేలిగ్గా ఉండి గట్టిగా నిలిచే సిట్కా స్ప్రూస్ కలపకి గిరాకీ లేచింది. దాన్ని అడవిలోంచి లాగడానికి సైన్యమే దిగి 36 మైళ్ల రైలు పట్టాలు వేసింది. పని పూర్తయింది 1918 నవంబరు 30న. యుద్ధం ఆగింది అదే నెల 11న. యుద్ధం కోసం ఒక్క స్ప్రూస్ దుంగ కూడా ఆ పట్టాల మీద పోలేదు.

నరికిన అడవి, మిగిల్చిన అడవి

ఫోర్క్స్ ఊరు ఆఖరి మజిలీ. పెట్రోలు అక్కడే పోయించుకోవాలి, ఫోన్లు చేసుకోవాల్సినవి ఉంటే అక్కడే చేసుకోవాలి. రక్తపిశాచాల ప్రేమకథ 'ట్వైలైట్' నవల 2005లో వచ్చాక ప్రపంచమంతటికీ తెలిసిపోయిన ఊరిది. ఇప్పటికీ దుకాణాల నిండా ఆ బొమ్మలే. అంతకుముందు ఈ ఊరు తనను తాను ప్రపంచ కలప రాజధాని అని చెప్పుకునేది. 1990లో మచ్చల గుడ్లగూబని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. పాత అడవి లేకపోతే అది బతకదు. దాంతో కేంద్ర ప్రభుత్వ అడవుల్లో నరుకుడు ఒక్కసారిగా పడిపోయింది. మిల్లులు మూతపడ్డాయి, చేతిలో రంపం తప్ప వేరే పని తెలియని ఇళ్లు దెబ్బతిన్నాయి. గుడ్లగూబ మీద ఆ తరానికి ఉన్న కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ కోపాన్ని మూర్ఖత్వమని తోసేయడం పట్నంలో ఉన్నవాళ్లకి తేలిక.

ఫోర్క్స్ దాటి దక్షిణంగా 13 మైళ్ల చిల్లర వెళ్లాక ఎడమకి తిరిగితే అప్పర్ హో రోడ్డు. పోనూ రానూ చెరో వరస, మధ్యలో పసుప్పచ్చ గీత. మొదటి 12 మైళ్లు జెఫర్‌సన్ కౌంటీ రోడ్డు, ఆ తర్వాతి ఆరూ జాతీయ పార్కులోవి. ఈ 12 మైళ్లనీ ఎవరూ ఫొటో తీయరు. ఎందుకంటే ఇక్కడి అడవి నరికి నాటినది, మళ్లీ నరికినది. చెట్లన్నీ ఒకే ఈడు, ఒకే ఎత్తు, కింద చీకటి. కొన్ని వంపుల దగ్గర కొండవాలు మొత్తం బోడిగా, మొదళ్లు మాత్రం మిగిలి కనబడుతుంది. ఏ ఏడు నరికారో, ఏ ఏడు నాటారో రాసిన బోర్డులు హైవే పక్కన కంపెనీలు పాతుతాయి. రాష్ట్రానికి చెందిన ట్రస్టు భూముల్లో నరికిన కలప డబ్బు బడుల కట్టడాలకి పోతుంది. కాబట్టి దొంగ ఎవడు, దొర ఎవడు అని కారు కిటికీలోంచి తేల్చేయడం కుదరదు.

పార్కు గేటు దాటగానే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. రోడ్డు ఇరుకవుతుంది. మాను మానుకీ లావు వేరు, ఈడు వేరు. కూలినది కూలినట్టే పడి ఉంటుంది. రోడ్డుకి అడ్డం పడ్డదాన్ని మాత్రం కారు పట్టేంత మేర కోసి తీస్తారు. ఆ కోతలో వలయాలు కనిపిస్తాయి, ఆగి చూడదగ్గవి. మలుపులో ఒక పెద్ద సిట్కా స్ప్రూస్ రోడ్డుని ఆనుకునే ఉంది. ఎత్తు సుమారు 270 అడుగులు. కారులో కూర్చుని చూస్తే మొదలు ఒక గోడలా కనబడి పోతుందంతే. దిగి, మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. అప్పుడు కూడా కొస కనపడదు.

ఈ గేటు ఇక్కడ ఉండటానికి మూలం చెట్టు కాదు, ఒక జంతువు. రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద దుప్పి. దాని కోరపళ్లని గడియారం గొలుసుకి వేలాడదీసుకోవడం ఒకప్పుడు మగవాళ్లకి షోకు. ఆ పళ్ల కోసం మందలకి మందలు చంపేశారు. 1909 మార్చిలో, పదవి దిగిపోవడానికి రెండు రోజుల ముందు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ కొండల్ని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. ఎల్క్‌కి ఆయన పేరు అంతకు ముందే, 1897లోనే పెట్టారు. 1915లో కలప కోసమూ గనుల కోసమూ ఆ విస్తీర్ణాన్ని సగానికి కోసేశారు. 1937లో ఇంకో రూజ్‌వెల్ట్, ఫ్రాంక్లిన్, స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. మరుసటేడు జూన్ 29న ఒలింపిక్ జాతీయ పార్కు పుట్టింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ పోట్లాటలన్నిటి ఫలితం రోడ్డు మీద ఒక గీత. గీతకి ఇవతల నలభై యాభై ఏళ్ల చెట్టు, అవతల కొన్ని వందల ఏళ్ల చెట్టు.

జడలు, అద్దె

కిందటిసారి వెళ్లినప్పుడు రాజమండ్రి నుంచి వచ్చిన మా పిన్ని కూడా ఉంది. కారు నడిపింది ఆవిడ కొడుకు. పార్కింగు పక్కనే మొదలయ్యే 'హాల్ ఆఫ్ మాసెస్' బాట మైలు కూడా లేదు, పెద్దవాళ్లు సులువుగా నడవొచ్చు. నడుస్తున్న పిన్ని ఒక మేపుల్ చెట్టు కింద ఆగిపోయింది. కొమ్మ కొమ్మకీ పచ్చటి నాచు మూరెడేసి కిందకి దిగి ఉంది.

"ఒరేయ్, ఈ చెట్టు జడలు కట్టేసిందేంట్రా? బతికే ఉందా?"

"బతికే ఉందమ్మా. అది నాచు. చెట్టుని తినదు, దాని మీద కాపురం ఉంటుంది, అంతే."

"అద్దె కట్టకుండానా?"

పిన్ని వేళాకోళానికి అన్నది గానీ, సరిగ్గా ఆ ప్రశ్నే ఒకమ్మాయి ఈ అడవిలో వేసింది. ఆమె పేరు నళినీ నాద్కర్ణి. తండ్రి భారతీయుడు, తల్లి అమెరికన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే రోజుల్లో, కొండలెక్కేవాళ్లు వాడే తాళ్లు కట్టుకుని ఈ బిగ్‌లీఫ్ మేపుల్ చెట్ల కొమ్మల్లోకి ఎక్కేది. అప్పటికి అడవి శాస్త్రం చాలామటుకు నేల మీద నిలబడి చేసేదే. నాచు పరుపుని అంచు పట్టి దుప్పటిలా పైకి లేపితే కింద మట్టి కనపడింది. ఏళ్ల తరబడి నాచు చచ్చి, ఆకులు రాలి, దుమ్ము చేరి, కొమ్మ మీదే తయారైన మట్టి. ఆ మట్టిలో వేళ్లు పాకుతున్నాయి. ఏ ఫెర్న్ మొక్కవో అనుకుని వాటిని పట్టుకుంటూ వెళితే, అవి ఆ మేపుల్ చెట్టు కొమ్మలోంచే పుట్టినవని తేలింది. నేల మీద ఒక వేళ్ల మండలం, గాల్లో ఇంకొకటి! పైన చేరిన నీళ్లనీ పోషకాల్నీ చెట్టు నేరుగా అక్కడే లాక్కుంటోంది. 1981లో ఆ సంగతి 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఒక్కో చెట్టు మోసే నాచు, తక్కిన మొక్కల బరువు ఆ చెట్టు ఆకుల బరువుకి నాలుగింతల దాకా ఉంటుందని కూడా ఆమె లెక్క కట్టింది. అంటే నాచు అద్దె కడుతోంది, వస్తురూపంలో.

పూల దుకాణాల అలంకరణకని అడవుల్లోంచి నాచు ఒలుచుకుపోతుంటే, ఒలిచిన కొమ్మ మళ్లీ కప్పుకోవడానికి దశాబ్దాలు పడుతుందని చూసి, ఆమె ఇదే రాష్ట్రంలో సీడర్ క్రీక్ జైలు ఖైదీలకి నాచు పెంచడం అప్పజెప్పింది. అదంతా ఇంకో వ్యాసానికి సరిపడే కథ.

బాట పక్కన పడి ఉన్న మాను మీద వంగి చూస్తే ఇంకో కాపురం కనపడుతుంది. ఈ అడవి నేలంతా ఫెర్నూ నాచూ దట్టంగా పరుచుకుని ఉండటంతో విత్తనం మట్టికి అందదు. కూలిన మాను మీద పడ్డ విత్తనానికే వెలుగూ తడీ దొరికేది. ఒకే దుంగ మీద వేలెడంత హెమ్లాక్ మొలకలు వందల్లో లేచి ఉంటాయి. అన్నీ బతకవు. బతికినవి దుంగకి రెండు వైపులా వేళ్లు దించి నేల పట్టుకుంటాయి. కిందున్న దుంగ నిదానంగా, ఒక్కోసారి శతాబ్దాలు తీసుకుని, మెత్తబడి మాయమైపోతుంది. మిగిలేది తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో నిలబడ్డ మహావృక్షాలు, వాటి మొదట్లో మనిషి దూరేంత సందులు. ఆ వరసని చూసి ఎవరో నాటారనుకోవడం సహజం. నాటింది పడిపోయిన చెట్టు.

ఆ దుంగ మీదే పిన్ని గావుకేక పెట్టింది. అరటిపండు రంగులో, జానెడు పొడుగున, గుల్ల లేని నత్త ఒకటి మెల్లగా పాకుతోంది. బనానా స్లగ్ అంటారు. ఎండుటాకునీ పుట్టగొడుగునీ తిని మట్టి చేయడమే దాని ఉద్యోగం. "దీన్ని తొక్కి ఉంటే జారిపడి చచ్చేదాన్ని" అంది పిన్ని, నత్త ప్రాణం సంగతి పక్కన పెట్టి.

అడవిలో చెట్ల మధ్య అంత ఖాళీ, పార్కులా తిరగడానికి వీలుగా ఎలా ఉందని చూస్తే అది ఎల్క్ మందల పని. అవి మేసేకొద్దీ పొదలు లేవవు. శాస్త్రజ్ఞులు కొంత మేర కంచె కట్టి వాటిని రానివ్వకుండా చూస్తే, కంచె లోపల దారి దొరకనంత చిక్కుగా తీగా పొదా పెరిగిపోయింది. ఎవరి పళ్ల కోసం మనిషి వేటాడాడో వాళ్ల పళ్లే ఈ అడవి రూపం దిద్దుతున్నాయి.

నాచు ఇంకో పని కూడా చేస్తుంది. చప్పుడుని మింగుతుంది. కారు ఆపి, ఇంజను కట్టేసి, కిటికీ దించి కూర్చుంటే మొదట చెవుల్లో మనదే హోరు వినిపిస్తుంది. తర్వాత ఆకు మీంచి ఆకు మీదకి జారే నీటిబొట్టు. ఆ తర్వాత ఎక్కడో వేరీడ్ త్రష్ పిట్ట, ఒకే స్వరం మీద సాగే ఈల. ధ్వనులు రికార్డు చేసే గోర్డన్ హెంప్టన్ 2005 ఏప్రిల్ 22న, ఇక్కణ్నుంచి కాలిబాటన మూడు మైళ్ల పైచిలుకు లోపల, నాచు పట్టిన దుంగ మీద ఒక చిన్న ఎర్ర రాయి పెట్టాడు. ఆ ఒక్క చదరపు అంగుళంలో మనిషి చేసే చప్పుడు లేకుండా కాపాడగలిగితే చుట్టూ మైళ్ల మేర నిశ్శబ్దం దక్కుతుందని ఆయన వాదన. దక్కలేదనే చెప్పాలి. విడ్‌బీ దీవిలోని నౌకాదళ స్థావరం నుంచి గ్రౌలర్ యుద్ధవిమానాలు ఈ కొండల మీదే అభ్యాసానికి వస్తాయి. వచ్చినప్పుడు ఛాతీలో అదురు తెలుస్తుంది.

ఏరు కోసిన చోట

రోడ్డు వెంట హో ఏరు ఒక్కోచోట చెట్ల మాటున దాక్కుంటుంది, ఒక్కోచోట చక్రం పక్కకే వచ్చేస్తుంది. నీళ్లు పాలు కలిపిన నీలం రంగు. ఒలింపస్ మీది హిమానీనదాలు రాతిని పిండిగా నూరి పంపిస్తాయి, ఆ పిండి రంగు అది. ఏరు ఒక్క పాయగా పారదు. గులకరాళ్ల దిబ్బల మధ్య నాలుగైదు పాయలుగా చీలి, మళ్లీ కలిసి, కూలిన మాన్లని అడ్డంగా పోగేసి, తన దారిని తనే మూసుకుని, పక్కకి జరుగుతుంది. ఈ లోయ వెడల్పంతా ఎప్పుడో ఒకప్పుడు అది పారిన చోటే. గోదావరి లంకల్లో పుట్టినవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు. నిరుడు కొబ్బరితోట ఉన్న చోట ఈ ఏడు పడవ తిరగడం వాళ్లు చూసే ఉంటారు.

రోడ్డుకి అసలు యజమాని ఎవరో ఇక్కడ తెలుస్తుంది. 2024 డిసెంబరులో వరద వచ్చి, పదో మైలు దగ్గరపడుతుండగా రోడ్డు కింద మట్టిని కోసేసింది. తారు అంచు విరిగి ఏట్లో పడింది. పార్కుకి ఏమీ కాలేదు, అడవికి ఏమీ కాలేదు. పోయే దారి మాత్రం పోయింది. ఏటా నాలుగు లక్షల మందికి పైగా వచ్చే చోటు నెలల తరబడి మూతపడింది. ఈ అడవిని నమ్ముకుని రోడ్డు పక్కన కాఫీ అమ్ముకునేవాళ్లూ, ఫోర్క్స్‌లో గదులు అద్దెకిచ్చేవాళ్లూ ఆ వసంతమంతా ఈగలు తోలుకున్నారు. కేంద్రం డబ్బు ఎప్పుడొస్తుందో తేలకపోవడంతో చివరికి రాష్ట్ర గవర్నర్ ఖజానా నుంచి 6,23,000 డాలర్లు ఇచ్చాడు. స్థానికులూ వ్యాపారులూ చందాలేసుకుని ఇంకో 27 వేల పైచిలుకు పోగు చేశారు. 2025 మే 8న రోడ్డు మళ్లీ తెరుచుకుంది. నన్నడిగితే ఆ చందా మొత్తమే పెద్ద సంగతి. ఒకప్పుడు చెట్టు నరికితే బతికిన ఊరు, ఇప్పుడు నిలబడ్డ చెట్టు దగ్గరికి దారి వేయడానికి జేబులో డబ్బు తీసింది.

రోడ్డు లేని కాలంలోనూ ఈ లోయలో మనుషులున్నారు. 1890ల మొదట్లో వచ్చి ఎగువన స్థిరపడ్డ జాన్ హ్యూల్స్‌డాంక్ అనే రైతుని 'హో ఏటి ఉక్కుమనిషి' అనేవారు. ఇనప పొయ్యిని వీపున కట్టుకుని అడవి బాటన మోసుకుపోతుంటే ఎదురైనవాడు బరువుగా లేదా అని అడిగాడట. పొయ్యి ఫర్వాలేదు గానీ దాన్లో పెట్టిన పిండి బస్తానే అటూ ఇటూ కదులుతూ ఇబ్బంది పెడుతోందన్నాడట. కథ ఎంత నిజమో గానీ, సరుకు ఎలా చేరేదో మాత్రం చెబుతుంది.

అతని కంటే ఎన్నో తరాల ముందు నుంచీ ఉన్నవాళ్లు హో తెగవాళ్లు. ఏటి పేరే వాళ్ల పేరు. 1893లో వాళ్లకంటూ కేటాయించిన భూమి ఏరు సముద్రంలో కలిసే చోట, ఒక చదరపు మైలు లోపు. వెనక నుంచి వరద, ముందు నుంచి సునామీ ముప్పు. ఎత్తుకి జరగడానికి పైన కొంత భూమి కలిపేలా 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. పర్యాటకుల కోసం రోడ్డు బాగుచేయడానికి అయిదు నెలలు పడితే అందరూ గోల పెట్టారు. ఊరు ఊరే పైకి జరగాల్సిన ఈ తెగ గోల ఎంతమంది విన్నారో!

ఎగువన మంచు కూడా నిలకడగా లేదు. ఒలింపిక్ హిమానీనదాల విస్తీర్ణం 1900 నుంచి దాదాపు సగం తగ్గింది. ఇదే పోకడ సాగితే 2070 ప్రాంతానికి అవి చాలామటుకు ఉండవని పరిశోధకులు అంచనా వేశారు. మంచు వెనక్కి తగ్గిన చోట వదులు రాయి, మట్టి బయటపడతాయి. అదంతా చలికాలపు వానలకి ఎక్కడికి దిగి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడు వెళ్లాలి

జులై, ఆగస్టుల్లో ఆకాశం నీలంగా ఉంటుంది, అందరూ అప్పుడే వస్తారు. పార్కింగు నిండిపోతే గేటు దగ్గర ఒక కారు బయటికి వస్తేనే ఇంకో కారుని పంపిస్తారు. గంటకు పైగా వరసలో నిలబడటం మామూలే. అప్పుడు వెళ్లాల్సి వస్తే తొమ్మిది లోపు గేటు దగ్గరుండాలి. ప్రవేశం కారుకి 30 డాలర్లు. సెప్టెంబరు మగ ఎల్క్‌లు జోడు కట్టే కాలం, లోయంతా వాటి కూత వినిపిస్తుంది. చూడ్డానికి బాగుంటాయి గానీ అవి మన దుప్పుల్లా బెదిరిపోయే రకం కాదు, ఒక్కొక్కటి మూడు నాలుగు వందల కిలోలు. 50 గజాల దూరం పాటించాలని పార్కు నియమం. మే, జూన్‌లలో పిల్లల తల్లులు ఇంకా ప్రమాదం.

నా ఓటు మాత్రం నవంబరుకే. వాన అడవిని ఎండలో చూసి రావడం నాకు ఎప్పుడూ సగం చూసినట్టే అనిపిస్తుంది. నాచు నీళ్లు తాగి ఉబ్బి, మేపుల్ ఆకులు పళ్లెమంత వెడల్పువి పసుప్పచ్చగా రోడ్డు నిండా అతుక్కుని, వైపర్లు ఆగకుండా తిరుగుతుంటే నెమ్మదిగా పోవాలి. ఆ ఆకుల మీద టైరు జారుతుంది, మలుపుల్లో బ్రేకు తొక్కకండి. గొడుగు పనికిరాదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి. కాళ్లకి తడవని బూట్లు. పులిహోర కారులోనే తినేయండి. సందర్శకుల కేంద్రం చలికాలంలో అన్ని రోజులూ తెరవరు, లోపల తిండి దొరకదు.

ఫోర్క్స్‌లో పెట్రోలు పోయించుకునేటప్పుడే అప్పర్ హో రోడ్డు సంగతి కనుక్కోండి. మలుపు తిరిగాక ఫోన్ పనిచేయదు. రోడ్డు మూసి ఉందంటే చుట్టు తిరిగి చేరే ఇంకో దారి లేదు కనక హైవే మీదే ఇంకా దక్షిణంగా పోనిచ్చి రూబీ బీచ్‌లో దిగండి. ఈ తీరపు ఏళ్లు వరదల్లో మోసుకొచ్చిన మాన్లు అక్కడ ఒడ్డు పొడుగునా తెల్లగా మారి గుట్టలుగా పడి ఉంటాయి. వాటి మీద కూర్చుని ఫొటో దిగాలని అందరికీ ఉంటుంది. పోటు సమయంలో మాత్రం ఎక్కొద్దు. అంత బరువు దుంగనీ ఒక్క పెద్ద అల తేలిగ్గా లేపి దొర్లిస్తుంది.